ఎడమ మలుపులో నాలుగు సెకన్లు

ముందు సైకిలు పోతోంది, వెనక కారు వస్తోంది. కొద్ది దూరంలో ఎడమ చేతి వైపు సందు. కారు ఆ సందులోకి తిరగాలి, సైకిలు నేరుగా పోవాలి. ఇక్కడ చాలామంది డ్రైవర్లు ఆలోచించకుండా చేసే పని ఒకటుంది. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కి సైకిలును దాటేస్తారు, దాటగానే బ్రేకు మీద కాలేసి ఎడమకు కోస్తారు. సాధారణంగా ఏమీ జరగదు. ఎందుకంటే సైకిలు తొక్కేవాడు గుండె గుభేలుమని తన బ్రేకు పట్టేస్తాడు. అతను పట్టలేకపోయిన రోజున సైకిలు వెళ్లి కారు ఎడమ తలుపుకు కొట్టుకుంటుంది. సొట్ట కారు పక్కన పడింది కాబట్టి చుట్టూ మూగినవాళ్లు కూడా "సైకిలోడే వచ్చి గుద్దాడు" అని తీర్పు చెప్పేస్తారు.

ఆ తీర్పు ఎందుకు తప్పో లెక్క వేస్తే తెలుస్తుంది. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఉంది, అంటే సెకనుకు 11 మీటర్లు. సైకిలు 18 కిలోమీటర్ల వేగం, సెకనుకు 5 మీటర్లు. కారు దాటేయడం పూర్తయ్యేసరికి దాని ముందు బంపరు మలుపుకు 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కారు పొడవు 4 మీటర్లు, కాబట్టి సైకిలు మలుపుకు 34 మీటర్ల దూరంలో ఉంది. సందులోకి తిరగాలంటే కారు 15 కిలోమీటర్లకు తగ్గాలి. ఒకే తీరుగా వేగం తగ్గించుకుంటూ ఆ 30 మీటర్లు పోవడానికి దాదాపు 4 సెకన్లు పడుతుంది. ఈలోగా సైకిలు 20 మీటర్లు వచ్చేసింది. ఇక మిగిలింది 14 మీటర్లు, అంటే 3 సెకన్ల లోపు. మరి కారు? స్టీరింగు తిప్పడం మొదలుపెట్టిన చోటు నుంచి తోకతో సహా సైకిలు దారి విడిచి సందులో పడాలంటే 10 నుంచి 12 మీటర్లు కదలాలి. 15 కిలోమీటర్ల వేగంలో దానికీ దాదాపు 3 సెకన్లే. ఇద్దరూ ఒకే చోటికి ఒకే క్షణానికి చేరుకునేలా ముహూర్తం పెట్టినట్టుంది.

సందులో ఎవరైనా నడిచి వస్తుంటే కారు ఇంకా నెమ్మదిస్తుంది, లేదా అడ్డంగా ఆగిపోతుంది. అప్పుడు సైకిలుకు ఆ 3 సెకన్లు కూడా మిగలవు.

ఇదే కారు దాటకుండా సైకిలు వెనకే ఉండి ఉంటే? సైకిలు మలుపు ముందుకొచ్చి దాటిపోవడానికి 7 సెకన్లు పడుతుంది, దాని వెనక ఒక కారు పొడవు ఖాళీతో వస్తున్న కారు ఇంకో సెకనులో మలుపు అందుకుంటుంది. దాటి తిరిగితే 4 సెకన్లు, ఆగి తిరిగితే 8. తేడా నాలుగు సెకన్లు. అంతా దాని కోసమే.

కాబట్టి డ్రైవరు గుర్తుపెట్టుకోవలసిన నియమం చాలా చిన్నది: తిరగాల్సిన మలుపు కంటపడ్డాక సైకిలును దాటకూడదు. ఎంత దూరం నుంచి అంటే, ఊళ్లో వేగానికి 50 మీటర్లు. మీటర్లు కంటికి అంచనా దొరకవు, వీధి దీపాలు దొరుకుతాయి. నగరాల్లో స్తంభానికీ స్తంభానికీ మధ్య సుమారు 25 నుంచి 30 మీటర్లుంటాయి. మలుపుకు ముందు రెండు స్తంభాలు లెక్కపెట్టుకుని, ఆ రెండింటి లోపల సైకిలు ఉంటే దాని వెనక చేరడమే పని.

వెనక చేరాక ఇంకో మెట్టుంది. ఎడమకు తిరిగే వాహనం రోడ్డు ఎడమ అంచుకు వీలైనంత దగ్గరగా జరిగి తిరగాలని మన మోటారు వాహనాల నడక నిబంధనలు చెబుతాయి. 1989 నాటి నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చినవాటిలోనూ ఇదే మాట. దీన్ని కేవలం క్రమశిక్షణగా చూస్తారు గానీ, సైకిలు వైపు నుంచి చూస్తే అసలు ప్రయోజనం తెలుస్తుంది. ఎడమ పక్కన మీటరున్నర ఖాళీ వదిలిపెట్టి ఆగిన కారు, ఆ ఖాళీలోకి సైకిలునూ స్కూటీనీ చేతులారా పిలిచినట్టే. ముందే అంచుకు జరిగితే ఆ ఖాళీ ఉండదు, వెనకొచ్చేవాళ్లు కుడి వైపు నుంచి పోతారు, తిరిగేటప్పుడు ఎడమ పక్కన ఎవరూ ఉండరు. మన డ్రైవర్లలో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. కారు ముక్కు సందు గోడకు తగులుతుందేమోనని ముందు కుడికి ఊపి, అక్కడి నుంచి ఎడమకు లాగుతారు. పన్నెండు మీటర్ల బస్సుకు ఆ అవసరం ఉంది. నాలుగు మీటర్ల హ్యాచ్‌బ్యాక్‌కు లేదు.

అంచుకు జరగడం కూడా చూసి చేయాల్సిన పనే. క్రమం ఇలా ఉండాలి: ఎడమ అద్దం చూడటం, ఇండికేటరు వేయడం, వేగం తగ్గించడం, మళ్లీ అద్దం చూసి అంచుకు జరగడం, స్టీరింగు తిప్పే ముందు ఎడమ భుజం మీదుగా వెనక కిటికీలోంచి ఒక్క చూపు. ఇండికేటరు తిరగడానికి 5 సెకన్ల ముందు వెలగాలి, అంటే అవే రెండు స్తంభాలు. స్టీరింగుతో పాటే వెలిగే ఇండికేటరు ఎవరికీ ఉపయోగపడదు, అప్పటికే కారు తిరుగుతున్న సంగతి అందరికీ కనబడుతూనే ఉంటుంది.

ఆ భుజం చూపు ఎందుకంటే ఎడమ అద్దం నిజం పూర్తిగా చెప్పదు. అది ఉబ్బు అద్దం, ఎక్కువ మేర చూపించడం కోసం వస్తువులను చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది. పది మీటర్ల వెనకున్న సైకిలు ఇరవై మీటర్ల దూరంలో ఉన్నట్టు తోస్తుంది. కారు వెనక తలుపు పక్కకు వచ్చేసిన సైకిలైతే అసలు అందులో పడదు. మన కార్లలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు కాబట్టి ఆ ఎడమ వెనక మూల అతనికి అన్నింటికన్నా దూరం. వెనక సీట్లో ముగ్గురు, కిటికీకి సూదుల్లాంటి రంధ్రాల నల్ల జాలీ తెర, పైన ఫిల్ము. ఇక ఆ మూల నుంచి ఏం కనబడుతుంది? పక్క కిటికీల అద్దాలు కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రానివ్వాలన్న నిబంధన ఈ మూలకూ పనికొస్తుంది.

అద్దం సర్దుకోవడంలోనూ పొరపాటు జరుగుతుంది. కారు సొంత పక్క భాగమే సగం అద్దం నిండా కనబడేలా పెట్టుకుంటారు. సొంత తలుపు ఎటూ పారిపోదు. దాని అంచు సన్నటి గీతలా కనబడేదాకా అద్దాన్ని బయటికి తిప్పితే, పక్క వరుస మొత్తం అందులోకి వస్తుంది.

బ్రిటన్‌లో రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌కు 2022 జనవరి 29 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఈ విషయాన్ని సూటిగా రాసిపెట్టాయి. కూడలిలో తిరిగేటప్పుడు గానీ వరుస మారేటప్పుడు గానీ నేరుగా పోతున్న సైకిలుకు అడ్డంగా కోయకూడదని, మరో మోటారు వాహనానికి అడ్డంగా ఎలా తిరగరో సైకిలుకూ అలాగే తిరగకూడదని మూడో ప్రధాన నియమం చెబుతుంది. బ్రిటన్‌లోనూ బండ్లు ఎడమ పక్కనే నడుస్తాయి కాబట్టి ఆ మలుపు లెక్కలు మనకు యథాతథంగా సరిపోతాయి. అక్కడికి వెళ్లి లైసెన్సు పరీక్షకు కూర్చునే తెలుగువాళ్లు ఇది చదువుకునే కూర్చుంటారు. ఇక్కడ అలవాటైన చేయి అక్కడ మారడానికే కాస్త టైము పడుతుంది.

ఫ్రీ లెఫ్ట్ దగ్గర

మన కూడళ్లలో ఈ ఎడమ మలుపు గొడవకు ఒక ప్రత్యేక రూపం ఉంది, అది ఫ్రీ లెఫ్ట్. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకు పోయేవాళ్లు ఆగక్కర్లేదు. ఆ సౌకర్యం రానురాను హక్కయింది. ఎడమ వరుసలో ఎవరు నిలబడినా వెనక నుంచి హారన్ల మోత. సైకిలు తొక్కేవాడికి చిన్నప్పటి నుంచీ చెప్పింది ఒకటే: ఎడమ అంచున పో. ఆ మాట విని అంచునే వస్తే, చౌరస్తా దగ్గర అతను నిలబడిన చోటు ఫ్రీ లెఫ్ట్ వరుస. అతనేమో నేరుగా పోవాలి. హారన్లు భరించలేక ముందుకు జరిగితే అడ్డంగా దూసుకొచ్చే వాహనాల మధ్య పడతాడు, పచ్చ లైటు పడగానే కుడి పక్క నుంచి ఎడమకు కోసే కార్లన్నీ అతని ముందు చక్రం మీదుగానే పోతాయి.

ఇక్కడ "ఎడమ అంచున పో" అన్న సలహా తప్పని చెప్పక తప్పదు. మామూలు రోడ్డు మీద అది సరే. కూడలిలో నేరుగా పోయే సైకిలు ఉండవలసింది ఫ్రీ లెఫ్ట్ వరుసకు కుడి పక్కన, నేరుగా పోయే మొదటి వరుసలో. మధ్యలో తిన్నె కట్టి ఉంటే తిన్నెకు కుడి వైపు. ఆ వరుసలోకి సిగ్నల్ దగ్గరికొచ్చాక దూరడం కుదరదు. 40, 50 మీటర్ల ముందే వెనక్కి తిరిగి చూసి, చేయి చాపి, ఖాళీ దొరికినప్పుడు జరగాలి. చూపు ముందు, చేయి తర్వాత. చేయి చాపాం కదా అని చూడకుండా జరిగితే ఆ చేయి ఎవరి అద్దానికో తగులుతుంది.

ఆ వరుసలోకి వచ్చాక అంచున నక్కి ఉండకుండా వరుస మధ్యలో తొక్కాలి. కొత్తవాళ్లకు ఇది భయంగా ఉంటుంది, వెనకున్నవాళ్లు తిడతారని. తిట్టారంటే చూశారనే. వరుస మధ్యలో ఉన్న సైకిలును దాటాలంటే డ్రైవరు వరుస మారాల్సిందే, పక్కనుంచి ఒరుసుకుంటూ పోయే అవకాశం ఉండదు. కూడలి దాటిన ఇరవై, ముప్పై మీటర్లకు మళ్లీ ఎడమకు జరగొచ్చు.

పాత నిబంధనల్లో ఎడమకు తిరిగే చేతి సైగ కుడి చేయి బయటికి చాపి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో గుండ్రంగా తిప్పడం. కారు కిటికీలోంచి కుడి చేయి మాత్రమే బయటికి వచ్చే రోజులది. సైకిలు మీద రెండు చేతులూ బయటే ఉన్నాయి కాబట్టి ఎడమకు ఎడమ చేయి, కుడికి కుడి చేయి చాపితే ఎవరికైనా తెలుస్తుంది. గుండ్రంగా తిప్పే సైగను ఈ రోజు డ్రైవర్లలో ఎందరు గుర్తుపడతారన్నది అనుమానమే.

లారీ తోక

బస్సు, లారీ దగ్గర లెక్క మారుతుంది. కారు విషయంలో ప్రమాదం సమయంతో వస్తే, పెద్ద వాహనం విషయంలో ఆకారంతో వస్తుంది. తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎంత లోపలికి అన్నది చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. కారుకు ఆ దూరం రెండున్నర మీటర్లు. 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే వెనక చక్రం అర మీటరు పైచిలుకు లోపలికి వస్తుంది. పన్నెండు మీటర్ల బస్సుకు చక్రాల మధ్య 6 మీటర్లుంటాయి. అది 12 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే వెనక చక్రం 1.6 మీటర్లు లోపలికి వచ్చేస్తుంది. సైకిలు హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లు. ఆ 1.6 మీటర్ల మేరలో సైకిలు, దాని మీది మనిషి, క్యారేజీ మీది పాల క్యాన్లు అన్నీ పడతాయి.

ఆ కోతను తప్పించడానికే లారీ డ్రైవరు ఎడమకు తిరిగే ముందు బండిని కుడికి పట్టి తెస్తాడు. అదే ఉచ్చు. ముందు లారీ కుడికి జరిగింది, ఎడమ పక్కన రెండు మీటర్ల ఖాళీ తెరుచుకుంది. వెనకున్న సైకిలుకు "దారిచ్చాడు" అనిపిస్తుంది. లోపలికి దూరతాడు. ఇంతలో లారీ ముక్కు ఎడమకు వాలుతుంది, ఖాళీ ముందు నుంచి మూసుకుపోతుంది, వెనక నుంచి చక్రాలు అంచు వైపు జరుగుతూ వస్తాయి. ఒక పక్క కర్బు, అంటే రోడ్డు అంచు గట్టు, ఇంకో పక్క లారీ ఒళ్లు. ఆ సమయంలో డ్రైవరు తన ఎడమ తలుపు పక్కనున్న సైకిలును చూడలేడు. అతను కుడి పక్క, భూమికి రెండు మీటర్లకు పైగా ఎత్తున కూర్చున్నాడు. సైకిలు మీది మనిషి తల ఆ ఎడమ కిటికీ అంచు కిందే ఉండిపోతుంది.

అందుకే కూడలి దగ్గర పెద్ద వాహనానికి ఎడమ పక్కన సైకిలు ఎప్పుడూ ఉండకూడదు. ఇండికేటరు వేసినా వేయకపోయినా సరే. ముందు బంపరుకు ఆనుకుని నిలబడటం కూడా అంతే ప్రమాదం, ఎత్తయిన క్యాబిన్ కింద ముందున్న మీటరు, మీటరున్నర మేర డ్రైవరుకు కనబడదు. నిలబడితే మూడు మీటర్లకు పైగా ముందు, లేదా పూర్తిగా వెనక. ఒక తేలికైన పరీక్ష ఉంది: లారీ అద్దంలో డ్రైవరు ముఖం కనబడుతోందా? కనబడకపోతే అతనికీ మనం కనబడం. కనబడిందంటే అతను చూశాడని అర్థం కాదు, చూసే వీలుందని మాత్రమే.

పూర్వం లారీల్లో ఎడమ తలుపు దగ్గర క్లీనరు ఉండేవాడు. తల బయటపెట్టి "పోనీ పోనీ" అనో, తలుపు మీద అరచేత్తో చరిచి ఆపమనో చెప్పేవాడు. మలుపులో ఆ ఎడమ మూలకు అతనే అద్దం, అతనే అలారం. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్క డ్రైవరుతోనే నడిచే బండ్లు ఎక్కువయ్యాయి. క్లీనరు పోయాడు, అతని స్థానంలో ఏమీ రాలేదు. లారీ పక్కన చక్రాల మధ్య కిందికి వేలాడే ఇనుప కంచె ఉండాలని మన నిబంధనలు చెబుతాయి. పక్కన పడ్డ మనిషి చక్రం కిందికి దొర్లిపోకుండా ఆపేది అదే. వంగిపోయి, ఒక బోల్టు మీద వేలాడుతున్న కంచెలు, స్టెపినీ దించడానికి అడ్డమని పీకేసిన కంచెలు రోడ్డు మీద చాలా కనబడతాయి.

లండన్‌లో ఇదే సమస్యకు నేరుగా క్యాబిన్ మీదే నిబంధన పెట్టారు. 12 టన్నులు దాటిన లారీలో డ్రైవరుకు కిటికీలోంచి నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి సున్నా నుంచి ఐదు వరకు నక్షత్రాలిస్తారు. 2021 మార్చి 1న అమలు మొదలైనప్పుడు ఒక్క నక్షత్రమైనా ఉండాలన్నారు, 2024 అక్టోబరు చివరి నుంచి మూడుకు పెంచారు. అవి లేని బండి కెమెరాలు, ఎడమ పక్క సెన్సర్లు, తిరిగేటప్పుడు బయటివాళ్లకు వినబడే హెచ్చరిక వంటివి బిగించుకుంటేనే నగరంలోకి అనుమతి. యూరప్‌లో కొత్త లారీలు, బస్సులన్నింటికీ 2024 జులై నుంచి పక్కనున్న సైకిలును గుర్తుపట్టి డ్రైవరును హెచ్చరించే పరికరం తప్పనిసరి. ఇవన్నీ చేసే పని మన క్లీనరు తలుపు చరిచి చేసిన పనే.

సిటీ బస్సు సంగతి వేరే. అది కూడలిలోనే కాక ప్రతి స్టాపు దగ్గరా ఎడమకు తిరుగుతుంది. స్టాపు దగ్గర పడగానే బస్సును ఎడమ నుంచి దాటే ప్రయత్నం మానుకోవాలి. బస్సుకూ కర్బుకూ మధ్య దూరిన సైకిలుకు మెట్ల మీంచి దిగే ప్రయాణికుడే మొదట తగులుతాడు.

కాలనీ గేటు దగ్గర

పక్క సందు నుంచో కాలనీ గేటు నుంచో పెద్ద రోడ్డెక్కి ఎడమకు తిరిగే డ్రైవరు మెడ ఎటు తిరిగి ఉంటుందో గమనించండి. కుడి వైపు. వాహనాలు వచ్చేది అటు నుంచే కాబట్టి. కుడి పక్క ఖాళీ దొరకగానే, మెడ ఇంకా అటే ఉండగా, కాలు క్లచ్ వదిలేస్తుంది. ఆ క్షణంలో ఎడమ వైపు నుంచి, రాంగ్ రూట్‌లో, ఒక సైకిలు వస్తుంటుంది.

రాంగ్ రూట్ తప్పే. కానీ ఎందుకు వస్తున్నారో చూడకుండా తిట్టి లాభం లేదు. డివైడరు మధ్య ఖాళీలు మూసేసి, సిగ్నళ్లు తీసేసి, యూటర్న్‌లు పెట్టిన రోడ్ల మీద ఎదురుగా వంద మీటర్లలో ఉన్న దుకాణానికి పోవాలంటే కిలోమీటరు ముందుకెళ్లి తిరిగి రావాలి. కారుకు అది రెండు నిమిషాలు. ఎండలో, క్యారేజీ మీద సరుకుతో తొక్కే మనిషికి పది పన్నెండు నిమిషాలు, అందులో యూటర్న్ దగ్గర వేగంగా వచ్చే కుడి వరుసల్లోకి దూరాల్సిన భయం. అతను అంచు వెంట ఎదురుగా వచ్చేస్తాడు. అలా వచ్చేవాళ్లు చేయగలిగింది ఒకటుంది, ప్రతి సందు మూతి దగ్గరా దిగి, నెట్టుకుంటూ దాటడం. నడిచే మనిషి ఒక్క అడుగులో ఆగగలడు. డ్రైవరు చేయవలసింది, బండి కదిలే ముందు ఎడమకు ఒక చూపు, ఆ తర్వాత మళ్లీ కుడికి.

సరైన దిశలో, కుడి నుంచి వచ్చే సైకిలు కూడా ఒక్కోసారి కనబడదు. ముందు అద్దానికీ తలుపుకూ మధ్య ఉండే స్తంభం కారణం. స్తంభం వెడల్పు 10 సెంటీమీటర్లు, కంటికి దూరం 75 సెంటీమీటర్లు అనుకుంటే, రెండు కళ్లతో చూసినా 15 మీటర్ల దూరంలో ముప్పావు మీటరు మేర అది కప్పేస్తుంది. సైకిలు మీది మనిషి అందులో సరిపోతాడు. కదులుతున్నాం కదా, ఇటో అటో బయటపడదా అంటే, పడకపోవచ్చు. కారు 30 కిలోమీటర్ల వేగంతో కూడలికి వస్తూ, అడ్డ రోడ్డులో సైకిలు 18 కిలోమీటర్ల వేగంతో వస్తూ, ఇద్దరూ ఒకేసారి చేరుకునేలా ఉంటే, డ్రైవరు కంటికి సైకిలు మొదటి నుంచి చివరి దాకా ఒకే కోణంలో, ముందుకు సుమారు 31 డిగ్రీల పక్కన ఉండిపోతుంది. చాలా కార్లలో ఆ స్తంభం ఉండేది ఇంచుమించు అక్కడే. ఢీకొనబోయే సైకిలే స్తంభం వెనక దాక్కుంటుంది, ఢీకొననివి బయటపడిపోతాయి. దీనికి విరుగుడు స్టీరింగు ముందు కాస్త ముందుకూ వెనక్కూ వంగి చూడటం. తల పది సెంటీమీటర్లు కదిలితే స్తంభం వెనకున్నది బయటికొస్తుంది.

కుడి మలుపు

కుడికి తిరిగే కారుకు ఎదురుగా వచ్చే సైకిలుతో పేచీ. డ్రైవరు ఎదురుగా వచ్చే కార్లకు వేగం అంచనా వేస్తాడు, సైకిలుకు వేయడు, "సైకిలే కదా" అనుకుంటాడు. నిలబడిన చోటు నుంచి కదిలి రెండు వరుసలు అడ్డంగా దాటడానికి, 12 మీటర్లు, కారుకు సుమారు 4 సెకన్లు. ఆ లోగా పాలబ్బాయి సైకిలు 20 మీటర్లు వస్తుంది. శనివారం పొద్దున్నే ఔటర్ రింగు రోడ్డు పక్కన వంగి తొక్కే గేరు సైకిలు 30 కిలోమీటర్ల మీద ఉంటుంది కాబట్టి 33 మీటర్లు వచ్చేస్తుంది. హెల్మెట్, బిగుతు బట్టలు, వంగిన వీపు కనబడితే అది మోటారు సైకిలంత వేగం అనుకోవడమే మంచిది. ఈ మధ్య బ్యాటరీ సైకిళ్లు వచ్చాక కాళ్లు ఎంత మెల్లగా తిరుగుతున్నాయో చూసి వేగం పోల్చుకోవడం కూడా కుదరడం లేదు.

ఆగిన బస్సు ఎదురుగా ఉంటే దాని ఎడమ పక్క నుంచి సైకిలు రావచ్చని అనుకోవాలి. బస్సు డ్రైవరు పొమ్మని చేయి ఊపినా ఆ హామీ బస్సుదే, వెనకున్న సైకిలుది కాదు. హెడ్‌లైట్ల భాష కూడా చోటును బట్టి మారుతుంది. మన దగ్గర డిప్పర్ కొట్టడమంటే "నేనొస్తున్నా, ఆగు". బ్రిటన్‌లో చాలామంది దాన్ని "నువ్వు పో" అన్న అర్థంలో వాడతారు, అక్కడి హైవే కోడ్ మాత్రం "నేనిక్కడున్నా" అని తెలియజేయడానికే వాడమంటుంది. ఒక దేశం అలవాటుతో ఇంకో దేశంలో కుడికి తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

సైకిలే కుడికి తిరగాలంటే రెండు దారులు. చిన్న రోడ్డయితే వెనక్కి చూసి, కుడి చేయి చాపి, రోడ్డు మధ్యకు జరిగి తిరగడం. ఆరు వరుసల రోడ్డు మీద ఈ పని చేయించకూడదు. అక్కడ నేరుగా కూడలి దాటి, అవతలి ఎడమ మూలలో ఆగి, సైకిలును కుడికి తిప్పి పెట్టుకుని, అడ్డ రోడ్డుకు పచ్చ లైటు పడ్డాక వాళ్లతో పాటు పోవడం. ఒక సిగ్నల్ ఎక్కువ ఆగాలి, అంతే. బడి పిల్లలకు మొదటి పద్ధతి నేర్పే ముందు రెండోది నేర్పాలి.

పాత రాడ్ బ్రేకు సైకిలు మీద వాన రోజున ఈ అంచనాలన్నీ తప్పుతాయి. స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు బ్లాకు జారుతుంది, చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగి నీరు తుడుచుకున్నాక గానీ పట్టదు. తడి రోజుల్లో కూడలికి చాలా ముందే బ్రేకును తేలిగ్గా ఆనించి రిమ్ము తుడుచుకుంటూ రావాలి. చీకట్లో పెడల్ రిఫ్లెక్టర్లను పీకేయకూడదు. వెనక ఎర్ర చుక్క ఒకటి వెలిగితే అది ఏదైనా కావచ్చు. పైకీ కిందికీ ఆడుతున్న రెండు పసుపు చుక్కలు సైకిలు తప్ప ఇంకేమీ కావు.

మూల గుండ్రదనం

డ్రైవరు ఎంత మంచివాడైనా మలుపులో అతని వేగాన్ని చివరకు నిర్ణయించేది కర్బు గుండ్రదనం. ప్రయాణికులకు ఇబ్బంది కలగనంత ఒరుగుతో, అంటే భూమ్యాకర్షణలో మూడో వంతుకు కాస్త తక్కువ పక్క తోపుతో, 6 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మూలను 15 కిలోమీటర్ల వేగంలో తిరగొచ్చు. అదే మూలను 20 మీటర్ల వ్యాసార్ధంతో నున్నగా చెక్కి ఫ్రీ లెఫ్ట్ చేస్తే 28 కిలోమీటర్లలో తిరగొచ్చు, తిరుగుతారు కూడా. మన రోడ్ల విస్తరణలో ప్రతిసారీ మూల కోసి నున్నగా చేయడం ప్రగతిగా లెక్క. సైకిలు దారిని అడ్డంగా కోసే వాహనానికి వేగం దాదాపు రెట్టింపు చేసి ఇచ్చినట్టని ఎవరూ అనుకోరు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ లాంటివి మంచివే. 4.5 మీటర్ల వెడల్పు, పైన నీడ. కానీ ఏ విడి ట్రాకులోనైనా పొడుగునా ప్రమాదం ఉండదు, అది మొదలయ్యే చోట, ముగిసే చోట, అడ్డ దారి కలిసే చోట ఉంటుంది. నెదర్లాండ్స్ ఇంజినీర్లు అందుకే డబ్బు, స్థలం కూడలి మూలలో పెడతారు. మూలలో చిన్న తిన్నె కడతారు, సైకిలు దారిని పెద్ద రోడ్డు నుంచి ఒక కారు పొడవు, సుమారు 5 మీటర్లు, వెనక్కి జరుపుతారు. తిరిగే కారు సగం తిరిగాక ఆ 5 మీటర్లలో ఆగుతుంది. అప్పటికి సైకిలు అద్దంలో ఉండదు, డ్రైవరు ఎదుట, ముందు అద్దంలోంచి నేరుగా కనబడుతుంది. వెనక ఆగిన వాహనాలకూ అడ్డం ఉండదు కాబట్టి హారను కొట్టేవాడు ఉండడు.

మొత్తం కూడలి తవ్వి కట్టేందుకు డబ్బు లేకపోతే చవకైన పద్ధతి ఉంది. పాత నున్నటి మూల ముందు రోడ్డు మీద, 6 మీటర్ల వ్యాసార్ధం వచ్చేలా తెల్ల పెయింటుతో కొత్త వంపు గీసి, దాని వెంట మీటరున్నర ఎడంతో వంగే ప్లాస్టిక్ స్తంభాలు బిగించడం. ఎడం రెండు మీటర్లకు పెరిగితే మధ్యలోంచి ఆటోలు దూరతాయి. మొదటి నెలలో కొన్ని విరుగుతాయి. ఎక్కడ విరిగాయో చూస్తే ఏ వాహనం ఎంత లోపలికి కోస్తోందో టైరు గుర్తులతో సహా తెలుస్తుంది. బస్సు వెనక చక్రానికి విరిగిన స్తంభాన్ని కాస్త కర్బు వైపు జరిపి పాతాలి. కార్లు విరగ్గొట్టిన దాన్ని మాత్రం ఉన్న చోటే మళ్లీ పాతాలి.